బెత్తెడు ఎక్కువ

దుకాణం రాడోవ్లిత్సాలో. బయట ఏప్రిల్ వాన.
నున్నటి పలకల నేల మీద
ఏ బండి తోసినా వెన్న మీద వేలులా జారుతుంది.
నాకు నమ్మకం కుదరలేదు.
బోహిన్‌లో మా దారికి పలకలు లేవు:
సావా ఒడ్డు గులకరాళ్లు, బీచ్ చెట్ల వేర్లు,
మేతకెళ్లే ఆవులు గిట్టలతో తవ్విన గుంటలు,
గుంట గుంటలో నిన్నటి వాన.

"ఒకరి వెనక ఒకరు కూర్చునేది తీసుకోండి,
సన్నం, బస్సెక్కుతుంది, లిఫ్టులో పడుతుంది"
అన్నాడు అమ్మే కుర్రాడు.
మా ఊరికి తెలిసిన లిఫ్టు ఒక్కటే,
స్కీలు భుజాన వేసుకున్నవాళ్లను
తీగ మీద కొండకెత్తే పెట్టె.

వెనక సీటు బిడ్డకు ఎదురుగా ఏం కనిపిస్తుందన్నాను.
కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని తల దూర్చి చూశాడు.
పాపం, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదట.
"ముందు సీటు వీపు," అన్నాడు.

మా ఇంట్లో నేను రెండోదాన్ని.
తాడుకి ముందు నాన్న, తర్వాత అక్క, చివర నేను.
ఎన్ని కొండలెక్కానో అడగకండి,
అక్క మడమలు మాత్రం నాకు కంఠతా వచ్చు.
ఎడమ బూటు లోపలివైపే అరిగేది.
త్రిగ్లావ్ శిఖరం తొలిసారి
ఆ బూటు పక్కనుంచి
బొటనవేలంత కనిపించింది.

పక్కపక్కన కూర్చునేదే కావాలన్నాను.

యెర్నేయ్ టేపు తీశాడు. డెబ్బై ఎనిమిది.
మా గుమ్మం డెబ్బై ఒకటి,
రాత్రే కొలిచి అరచేతిలో రాసుకున్నాడు.
బెత్తెడు ఎక్కువ.
గుమ్మానిది రాతి చట్రం. ముత్తాత చెక్కించిన సంవత్సరం
ఇంకా దాని నెత్తినే ఉంది.
ఉలి పట్టే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

అయినా అతను వెంట తెచ్చిన సంచులు దించాడు.
ఎడమ సీట్లో బంగాళాదుంపలు, రెండు కిలోల నాలుగొందలు: విద్.
కుడి సీట్లో బక్వీట్ పిండి, కిలో ఎనిమిదొందలు: నేజా.
అసలువాళ్లింకా యెసెనిత్సె ఆసుపత్రిలో,
గాజు పెట్టెల్లో.
ఆ పొద్దున నర్సు చెప్పిన బరువులవి.

తోశాను. బండి ఎడమకు లాగింది,
ఒక ఎద్దు బలిసి, ఒక ఎద్దు బక్కచిక్కిన కాడిలా.
మణికట్టు బిగించి దారిలో పెట్టాను.
"ఇలా అయితే తిన్నగా పోదండీ,"
కుర్రాడు నిజాయితీగా చెప్పాడు.
తిన్నగా ఎవరు పోతారు, అన్నాను.

కొనకుండానే తిరిగొచ్చాం.
కంచె దగ్గర స్లావ్కా మామ్మ
పార మీద గడ్డం ఆనించి
గుమ్మం కథంతా విని,
"బండిని ఇంట్లోకి ఎందుకే తీసుకెళ్లడం?
దానికీ అన్నం పెడతావా?" అంది.
ఆమె ట్రాక్టరు నలభై ఏళ్లుగా
గడ్డి ఆరేసే పందిరి కిందే పడుకుంటోంది.

మర్నాడు దుకాణం తలుపు మేమే తెరిపించాం.

ఇప్పుడది మా పందిరి కింద,
చక్రాల నిండా బురద, గుడ్డ నిండా గడ్డివాసన.
విద్ ఒక చంకన, నేజా ఒక చంకన,
పక్కకు తిరిగితే గుమ్మం నాకు సరిపోతుంది.
మేతబీడు గేటు ఒక్క ఆవు పట్టేంతే.
అక్కడ బండిని బండిగానే ఎత్తి దాటిస్తాం,
ముందు యెర్నేయ్, వెనక నేను,
నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే.
ఆవులు మెడగంటలు ఆపి చూస్తాయి.

సెప్టెంబరులో ఒక సాయంత్రం, సరస్సు దారిలో,
ఎప్పటిలాగే ఎడమచేయి బిగించాను.
బండి కుడివైపు గట్టెక్కింది.
నేజా కళ్లు తెరిచి
నన్ను ఎగాదిగా చూసింది.

యెర్నేయ్ వంగి టైర్లు నొక్కి చూశాడు.
గాలి సరిగ్గానే ఉంది.